పాత కారుకు కొత్త రేడియేటర్ – కొనే ముందు మూడు ప్రశ్నలు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ లెక్కల గురించి, డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి సాధికారంగా చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు ఆ విషయాలు తెలియవు. "మీకు తెలిసిందే చెప్పండి, పదిమందికీ పనికొస్తే చాలు" అన్నారు కార్యదర్శి గారు. నాకు తెలిసింది రాగి, ఇత్తడి, టంకం. రవాణా సంస్థ వర్క్‌షాపులో 33 ఏళ్ళు పనిచేశాను. అందులో 11 ఏళ్ళు రేడియేటర్ సెక్షన్‌లోనే గడిచాయి. అందుచేత ఈ విషయం ఎంచుకున్నాను.

ఈ హాలు బయట చెట్టు కింద నిలిపిన కార్లను వస్తూ వస్తూ చూశాను. రెండు అంబాసిడర్లు, ఒక పద్మిని, నాలుగైదు మారుతి 800లు ఉన్నాయి. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగింది. 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 కూడా 2014 జనవరిలోనే ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే పోయింది. అంటే మన కార్లు కూడా మనలాగే రిటైరయ్యాయి. కానీ మనలాగే ఇంకా పనిచేస్తున్నాయి. ఆస్పత్రికి, బ్యాంకుకు, గుడికి, మనవరాలి బడికి వాటిమీదే వెళ్తున్నాం. పిల్లలు అమ్మేయమంటారు. మనం అమ్మం. సరే, అమ్మనప్పుడు దాని ఆరోగ్యం చూసుకోవాలి కదా.

పాత కారుకు ఎండాకాలంలో వచ్చే మొదటి జబ్బు హీటెక్కడం. షాపుకు తీసుకువెళ్తే వచ్చే మొదటి మాట "రేడియేటర్ పోయిందండీ, మార్చాలి" అని. మనం వేసే మొదటి ప్రశ్న "ఏ కంపెనీది మంచిది?" అని. నా మనవి ఏమిటంటే, ఆ ప్రశ్న చివర వేయవలసినది. దానికంటే ముందు మూడు ప్రశ్నలు ఉన్నాయి. తప్పు రేడియేటర్‌దేనా? పాతదాన్ని బాగుచేయవచ్చా? ఇకమీదట ఇందులో ఏ నీళ్ళు పోస్తాం? ఈ మూడింటికీ జవాబు దొరికితే, కొనవలసిన రేడియేటర్ ఏదో దానంతట అదే తేలుతుంది.

రేడియేటర్ చేసే పని

పెట్రోలు మండితే పుట్టే వేడిలో కొంతే చక్రాలకు చేరుతుంది. కొంత పొగగొట్టం గుండా పోతుంది. రమారమి మూడో వంతు ఇంజను గోడల్లోకి దిగుతుంది. ఆ వేడిని నీళ్ళు మోసుకొచ్చి రేడియేటర్‌లో గాలికి అప్పగిస్తాయి. వేడినీళ్ళ గ్లాసులో నుంచి గిన్నెలోకి, గిన్నెలో నుంచి గ్లాసులోకి పాలు తిరగబోసి చల్లార్చినట్టే ఇదీ. గాలి తగిలే చోటు ఎంత ఎక్కువైతే అంత త్వరగా చల్లారుతుంది. అందుకే సన్నని గొట్టాలు వరుసలుగా పేర్చి, వాటి మధ్య పలుచని రేకులు బిగించారు. ఆ రేకులనే ఫిన్లు అంటారు. గొట్టాలూ ఫిన్లూ కలిసిన భాగం కోర్. దానికి పైనా కిందా, కొన్ని కార్లలో పక్కలకు, ఉండేవి ట్యాంకులు.

దీని మూత సంగతి ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. అది ప్రెషర్ కుక్కర్ వెయిట్ వంటిది. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడి నిలబెట్టే మూత ఉంటే దాదాపు 111 డిగ్రీల దాకా మరగవు. 13 పౌన్ల మూత ఉంటే 118 డిగ్రీల దాకా ఆగుతాయి. మూతలో రబ్బరు ఎండిపోయినా, స్ప్రింగు సడలినా ఈ లాభం పోతుంది. అప్పుడు మంచి రేడియేటర్ కూడా పొంగుతుంది. మూత ఖరీదు రేడియేటర్ ఖరీదులో బహు స్వల్పం. కాబట్టి మొదట మార్చి చూడవలసింది మూత.

మొదటి ప్రశ్న: తప్పు రేడియేటర్‌దేనా?

కారు ఎప్పుడు హీటెక్కుతోందో గమనించండి. సగం రోగ నిర్ణయం అక్కడే అవుతుంది.

సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో హీటెక్కి, రోడ్డెక్కి వేగం అందుకోగానే ముల్లు దిగితే, నీళ్ళు బాగానే తిరుగుతున్నాయని అర్థం. లోపం గాలిది. అంబాసిడర్‌లోనూ పద్మినిలోనూ ఫ్యాన్ బెల్టు మీద తిరుగుతుంది. బెల్టు సడలిందేమో చూడాలి. మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం కంటే ఎక్కువ దిగకూడదు. మారుతిలో కరెంటు ఫ్యాను. దాని మోటారు, ఫ్యూజు, రిలే, స్విచ్చి చూడాలి. ఫిన్ల మధ్య దుమ్ము, పురుగులు పేరుకున్నా ఇదే లక్షణం.

ఊళ్ళో బాగానే ఉండి, హైవే మీద గంటకు 80 కిలోమీటర్లు పోతున్నప్పుడో, శ్రీశైలం ఘాటులో రెండో గేరులో ఎక్కుతున్నప్పుడో హీటెక్కితే, లోపం నీళ్ళ ప్రవాహంలో ఉండవచ్చు. అప్పుడు రేడియేటర్ మీద అనుమానపడడం న్యాయమే. అయినా కింది హోస్ పైపు చూడండి. రబ్బరు మెత్తబడితే, ఇంజను వేగం పెరిగినప్పుడు పంపు లాగుడుకు అది లోపలికి ముడుచుకుపోతుంది. వాటర్ పంపు కింద చెమ్మ ఉందేమో చూడండి.

ఇక థర్మోస్టాట్. "మన ఎండలకు ఇది అక్కరలేదు" అని దాన్ని తీసి పారేయడం మన ప్రాంతంలో ఆచారమైపోయింది. అది సరికాదు. ఇంజను తగినంత వేడెక్కకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల త్వరగా అరుగుతుంది. థర్మోస్టాట్ పనిచేస్తోందో లేదో వంటింట్లోనే తెలుసుకోవచ్చు. పనికిరాని గిన్నెలో నీళ్ళు పోసి, అందులో దాన్ని దారంతో వేలాడదీసి వేడిచేయండి. చాలా కార్లలో 82 డిగ్రీల ప్రాంతంలో, అంటే నీళ్ళు మరగక ముందే, అది నోరు తెరవాలి. తెరవకపోతే కొత్తది వేయండి. అంతేగాని తీసేసి ఊరుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. పొద్దున్నే ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేయించండి. మొదట నాలుగు బుడగలు రావడం సహజం. అవి ఆగకుండా, ఇంజను వేగం పెంచేకొద్దీ ఇంకా ఎక్కువగా వస్తుంటే, మండిన వాయువు నీళ్ళలోకి చొరబడుతోందన్న మాట. హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది. డిప్‌స్టిక్కు మీద ఆయిలు పాలు కలిసిన కాఫీలా కనబడినా అదే అనుమానం. అటువంటి కారుకు బంగారు రేడియేటర్ వేసినా లాభం లేదు.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నా మిత్రుడొకరు వేరే శాఖలో అకౌంట్స్ ఆఫీసరుగా రిటైరయ్యారు. వారిది పాత అంబాసిడర్. వారి శ్రీమతికి వారానికి మూడుసార్లు డయాలిసిస్. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరాలి. ఆ వేళకు ఆటో దొరకడం కష్టం కాబట్టి ఆ కారే వారికి దిక్కు. అది హీటెక్కితే ఒక షాపులో రేడియేటర్ మార్చారు. రెండు నెలలు నడిచి మళ్ళీ మొదటికే వచ్చింది. "సైజు చాలలేదు" అని ఈసారి ఇంకా మందమైన కోర్ వేశారు. అదీ అంతే. మూడోసారి నాకు కబురు వచ్చింది. మూత తీసి స్టార్ట్ చేస్తే అన్నం ఉడుకుతున్నట్టు బుడగలు! అప్పటికే హెడ్ వంకరపోయింది. రెండు రేడియేటర్ల డబ్బు, దానిపైన హెడ్ మెషినింగ్ ఖర్చు అయ్యాయి. అంతకు మించి, నెల రోజులపాటు జబ్బుమనిషిని చీకట్లో రోడ్డు మీద నిలబెట్టి ఆటో కోసం చూడవలసి వచ్చింది. ఐదు నిమిషాల పరీక్ష ముందే చేసి ఉంటే ఇదంతా తప్పేది.

రెండో ప్రశ్న: పాతదాన్ని బాగుచేయవచ్చా?

తప్పు రేడియేటర్‌దే అని తేలిందనుకుందాం. అప్పుడు కూడా పాతదాన్ని వెంటనే షాపువారికి అప్పగించవద్దు. అంబాసిడర్, పద్మిని కాలపు రేడియేటర్లు ఇత్తడి ట్యాంకులు, ఇత్తడి గొట్టాలు, రాగి ఫిన్లతో చేసినవి. వాటిని అతికించింది సీసం, తగరం కలిసిన టంకం. మన చిన్నతనంలో వీధిలోకి కళాయి పోసేవాళ్ళు వచ్చి, నవాసాగరం చల్లి, ఇత్తడి గిన్నెలకు తగరం పూసిపోయేవారు గుర్తుందా? ఇదీ ఆ కులానికి చెందిన పనే. వేడి తగిలితే విడిపోతుంది, మళ్ళీ వేడి తగిలితే అతుక్కుంటుంది. చేతితో విప్పి చేతితో మూయగలిగిన వస్తువు ఇది. దాని గొప్పతనం అదే.

ఇందులో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది, అతుకు దగ్గర చిన్న లీకు ఉంటే టంకం పెట్టించడం. రెండోది, గొట్టాలు పూడుకుపోతే పై ట్యాంకు విప్పి, సన్నని బద్దలు ఒక్కొక్క గొట్టంలో దింపి శుభ్రం చేయించడం. షెడ్డుల్లో దీన్ని రాడింగ్ అంటారు. మూడోది, కోర్ మొత్తం పోతే, మీ ట్యాంకులూ పక్క చట్రాలూ ఉంచుకొని కోర్ మాత్రం కొత్తది వేయించడం. అదే రీకోరింగ్.

ఏ మెట్టులో ఉన్నామో తెలుసుకోవడం కష్టం కాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి టార్చిలైటు వేసి చూడండి. గొట్టాల మూతులు తెల్లటి గారతో సగం మూసుకొని ఉంటే రాడింగ్ కావాలి. రేడియేటర్ విప్పాక, కింది మూతి మూసి పైదాకా నీళ్ళు నింపి, ఒక్కసారిగా వదలండి. బక్కెట్టు బోర్లించినట్టు దభాలున పడాలి. సన్నగా ధారకట్టి పోతుంటే పూడిక ఉన్నట్టే. ఫిన్లను గోరుతో మెల్లగా తాకి చూడండి. అవి పొడిపొడిగా రాలినా, గొట్టాలను వదిలేసి వదులుగా కదిలినా, రాడింగ్ డబ్బు దండుగ. గొట్టంలో నీళ్ళు పారినా వేడి ఫిన్లకు చేరదు. అప్పుడు కోర్ మార్చవలసిందే. నాలుగైదు చోట్ల టంకం పెట్టిన కోర్ కూడా అంతే. ఆరో చోట కారడానికి సిద్ధంగా ఉంటుంది.

అంబాసిడర్, పద్మిని ఉన్నవారికి నా సలహా స్పష్టమే. ట్యాంకులు బాగుంటే రీకోరింగే మేలు. కారు తయారీ ఆగిపోయింది కాబట్టి అసలు భాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. బజారులో దొరికే కొత్తదానికి బోల్టు రంధ్రాలు, పైపు మూతులు సరిగ్గా కలుస్తాయన్న భరోసా లేదు. మీ ట్యాంకులు మీ కారుకు పుట్టినవే. పైగా ఆ ఇత్తడి మందం ఇప్పటి రేకుల్లో ఉండదు. ఒకవేళ కొత్తదే కొన్నా, పాతదాన్ని తూకం వేయించి దాని విలువ బిల్లులో తగ్గించమనండి. రాగి, ఇత్తడి ఊరికే ఇచ్చే వస్తువులు కావు.

మారుతి 800 సంగతి వేరు. వాటిలో ఇప్పుడు ఎక్కువగా కనబడేవి అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు ఉన్న రేడియేటర్లు. ట్యాంకును రబ్బరు గాస్కెట్ మీద పెట్టి రేకు అంచులు మడిచి బిగిస్తారు. వయసు మీరి ట్యాంకు పగిలిందంటే జిగురు పెట్టించవద్దు. అది ఊరు చేరడానికే గాని, ఊరు దాటడానికి పనికిరాదు. వీటిలో మార్చడమే మార్గం. లక్షల సంఖ్యలో తిరిగిన కారు కనుక కొత్తది సులభంగా దొరుకుతుంది కూడా.

మూడో ప్రశ్న: ఇకమీదట ఏ నీళ్ళు పోస్తాం?

రాగి మంచిదా, అల్యూమినియం మంచిదా అని వాదులాడుకోవడం షాపుల ముందు చాలాసార్లు విన్నాను. వేడిని మోయడంలో రాగి మేటి. అల్యూమినియం శక్తి దానిలో ఆరు పదుల శాతం. కానీ రాగి రేడియేటర్‌లో ఫిన్నుకూ గొట్టానికీ మధ్య టంకం ఉంటుంది. టంకం వేడిని అంత బాగా మోయదు. అల్యూమినియం వాటిలో టంకం ఉండదు. కొలిమిలో బ్రేజింగ్ చేసి ఏకంగా అతికిస్తారు. గొట్టాలు కూడా వెడల్పుగా పెట్టవచ్చు. బరువు రాగిలో మూడో వంతు. అందుచేత సరిగా చేసినవైతే రెండూ చల్లబరుస్తాయి. తేడా వచ్చేది నీళ్ళ దగ్గర.

మనలో చాలామంది బోరు నీళ్ళు పోస్తాం. గీజరులోనూ, స్నానాల బక్కెట్టు అంచునా కట్టే తెల్లటి గార చూస్తూనే ఉన్నాం. అదే గార రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజను లోపలా కడుతుంది. రాగి, ఇత్తడి దాన్ని కొన్నేళ్ళు భరిస్తాయి. పూడితే రాడింగ్ ఉంది. అల్యూమినియం భరించలేదు. మందు లేని నీళ్ళలో అది గుంటలు గుంటలుగా తిని, చిల్లులు పడుతుంది. చిల్లు పడితే మన ఊళ్ళలో అతికేవాళ్ళు తక్కువ. కాబట్టి కూలెంట్ క్రమంగా మార్చే ఓపిక, ఖర్చు పెట్టే ఉద్దేశం లేనివారు అల్యూమినియం జోలికి పోవద్దు. అది కొన్నవారు బోరు నీళ్ళ జోలికి పోవద్దు.

కూలెంట్ అంటే చలి దేశాల వస్తువు, మనకెందుకు అనుకుంటారు. నీళ్ళు గడ్డకట్టే భయం మనకు నిజంగానే లేదు. లంబసింగి చలిలో ఓ రాత్రి నిలిపితే తప్ప! మనకు కావలసింది అందులో ఉండే తుప్పు నిరోధక మందు. డబ్బా మీద చెప్పిన పాలులో, మూడో వంతు నుంచి సగం దాకా, డిస్టిల్డ్ నీటిలో కలపాలి. చిక్కగా ఉంటే ఇంకా చల్లగా ఉంటుందనుకోవడం భ్రమ. వేడి మోయడంలో నీళ్ళదే పైచేయి. మందు ఎక్కువైతే ఆ శక్తి తగ్గుతుంది.

రంగు చూసి కూలెంట్ కొనవద్దు. పచ్చ, ఎరుపు, నీలం అనేవి తయారీదార్ల ఇష్టం. టంకంతో చేసిన పాత రేడియేటర్లకు సంప్రదాయ రకం కూలెంట్ తగినది. ఆర్గానిక్ యాసిడ్ రకాలలో కొన్ని సీసపు టంకాన్ని తినవచ్చు కనుక, డబ్బా మీద రాగి, ఇత్తడి, టంకాలకు పనికొస్తుందని రాసి ఉంటేనే తీసుకోండి. సంప్రదాయ రకాన్ని రెండేళ్ళకొకసారి మార్చాలి. రెండు రకాలు కలపవద్దు. ఇంకొక హెచ్చరిక: కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. మనవలకు, పెంపుడు కుక్కలకు అందకుండా పెట్టండి.

కొలతలు, మూత

లోహం తేలింది. ఇక షాపుకు వెళ్దాం. కారు పేరు చెబితే సరిపోదు. అంబాసిడర్ అనే ఒక్క పేరు మీద 1489 సీసీ పెట్రోలు ఇంజను, తరువాత ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు, రెండు రకాల డీజిల్ ఇంజన్లు వచ్చాయి. పద్మినిలోనూ డీజిల్ రకం ఉంది. మారుతిలో కార్బురేటర్‌ది వేరు, తరువాత వచ్చిన ఎంపీఎఫ్ఐ వేరు. కాబట్టి ఇంజను రకం, తయారైన సంవత్సరం చెప్పాలి. అంతకంటే మంచిది, పాతదాన్ని విప్పించి వెంట తీసుకువెళ్ళి పక్కపక్కన పెట్టి చూడడం.

కోర్ ఎత్తు, వెడల్పు, మందం, గొట్టాల వరుసలు, పైపు మూతుల లావు, అవి ఏ వైపున్నాయి, బోల్టు రంధ్రాల దూరం, నీళ్ళు వదిలే కుళాయి, కరెంటు ఫ్యాను ఉంటే దాని స్విచ్చి రంధ్రం, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. ఫ్యాను రెక్కకూ కోర్‌కూ మధ్య దాదాపు ముప్పాతిక అంగుళం ఖాళీ ఉండాలి. ఇంజను తన దిమ్మల మీద ఊగుతుంది. ఖాళీ చాలకపోతే గుంతలో పడ్డ రోజున రెక్క వెళ్ళి కోర్‌ను కోస్తుంది.

"రెండు వరుసల బదులు నాలుగు వరుసలు వేస్తాం సార్, ఐసులా ఉంటుంది" అనే మాటకు లొంగవద్దు. వెనుక వరుసలకు తగిలేది ముందు వరుసలు అప్పటికే వేడిచేసిన గాలి. మందం పెరిగేకొద్దీ, ఫిన్లు దగ్గరయ్యేకొద్దీ, గాలి దూరడం కష్టం. నిదానంగా పోయే మన ఊరి ట్రాఫిక్‌లో ఆ కష్టం మరింత ఎక్కువ. పైగా మన రోడ్ల దుమ్ముకు దట్టమైన ఫిన్లు త్వరగా పూడుకుపోతాయి. కంపెనీ ఇచ్చిన మందానికి మహా అయితే ఒక వరుస ఎక్కువ చాలు. అదీ ఏసీ తరువాత బిగించుకున్న కార్లకే.

మూత విషయంలోనూ ఇంతే. 7 పౌన్లకు కట్టిన పాత కారుకు 13 పౌన్ల మూత పెడితే, మరుగుడు ఆగడం మాట దేవుడెరుగు, ఏ టంకం అతుకో, ఏ ముసలి హోసో ముందుగా తెగుతుంది. కంపెనీ చెప్పిన అంకె మూత మీద ఉండాలి. మెడ లోతు కూడా కలవాలి. లేకపోతే మూత బిగిసినట్టే ఉంటుంది, ఒత్తిడి మాత్రం నిలవదు.

బిగించే ముందు షాపువారి చేతనే మీ కళ్ళెదుట గాలి పరీక్ష చేయించండి. రేడియేటర్‌ను నీటి తొట్టిలో ముంచి, మూత అంకెకు మించని ఒత్తిడితో గాలి ఎక్కించాలి. బుడగలు రాకూడదు. కోర్ మీద నల్ల రంగు పలుచగా ఉండాలి. దట్టంగా పూసిన రంగు వేడికి దుప్పటి కప్పినట్టే. జీఎస్టీ బిల్లు తీసుకోండి. కోర్ ఏ లోహమో, ఎన్ని వరుసలో, గ్యారంటీ ఎన్ని నెలలో అందులో రాయించండి. నోటి గ్యారంటీ షాపు గుమ్మం దాకానే.

బిగించేటప్పుడు

కొత్త రేడియేటర్ బిగించే ముందు ఇంజను బ్లాకును కడిగించడం మరిచిపోవద్దు. పాత తుప్పంతా బ్లాకులో ఉంటుంది. కడగకపోతే అది కొత్త గొట్టాల్లో చేరి, మొదటి వేసవిలోనే పూడుస్తుంది. హోసులు, క్లాంపులు, థర్మోస్టాట్, మూత ఒకేసారి కొత్తవి వేయించండి. కింద రబ్బరు దిమ్మలు ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే కుదుపంతా అతుకుల మీద పడుతుంది. నీళ్ళు మెల్లగా పోసి, మూత లేకుండా ఇంజను నడిపి, లోపలి గాలి పోయాక నిండించాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూసుకోవాలి.

దారిలో లీకైతే పసుపు పోయడం మనవాళ్ళకు తెలిసిన చిట్కా. కాదనను, చిన్న లీకు ఆగుతుంది. కానీ ఆ పసుపు మంచి గొట్టాలను కూడా పూడుస్తుంది. ఇల్లు చేరాక కడిగించి తీరాలి.

ఒంటికి సంబంధించిన మాట

కారు కంటే మనిషి ముఖ్యం. ముల్లు ఎరుపులోకి వెళ్ళగానే ఏసీ ఆపి, పక్కకు తీసి ఇంజను ఆపేయండి. కనీసం అరగంట ఆగండి. మూత మీద చెయ్యి వేయవద్దు. లోపల ఉన్నది 110 డిగ్రీల నీరు. మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మా వర్క్‌షాపులో కుర్రవాళ్ళు కూడా కాల్చుకున్నారు. మన వయసులో వెనక్కు తప్పుకోవడం వాళ్ళంత చురుకుగా సాధ్యం కాదు. షుగరు ఉన్నవారికి చేతుల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు కాబట్టి, చెయ్యి ఆనించి వేడి చూడడం కూడా నమ్మదగినది కాదు. బాగా చల్లారాక, దళసరి గుడ్డ వేసి, మొదటి మెట్టు దాకా తిప్పి, బుస్సుమనే చప్పుడు ఆగాకే పూర్తిగా తీయండి. వేడి ఇంజనులో చన్నీళ్ళు కుమ్మరించవద్దు. బ్లాకు చిట్లవచ్చు. ఈ నాలుగు మాటలు ఇంట్లో కారు నడిపే ప్రతివారికీ, ముఖ్యంగా కోడళ్ళకూ మనవలకూ చెప్పి ఉంచండి.

ఎప్పుడు వద్దనుకోవాలి?

అన్ని పాత కార్లకూ రేడియేటర్ వేయమని నేను చెప్పను. చాసిస్ తుప్పుపట్టినా, ఇంజను ఆయిలు తాగుతున్నా, 15 ఏళ్ళు దాటినవాటికి ఐదేళ్ళకొకసారి చేయించవలసిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరపడి అందులో నెగ్గదన్న అనుమానం ఉన్నా, ముందు మొత్తం కారును ఒక నమ్మకస్తుడి చేత చూపించి లెక్క వేసుకోండి. రేడియేటర్ ఒక్కటే ఖర్చయితే వేయండి. అది పది ఖర్చులలో మొదటిదైతే ఆలోచించండి. పెన్షన్ డబ్బు మందులకు తరువాతే దేనికైనా.

ఈ ప్రత్యేక సంచిక చదివే కుటుంబ సభ్యులకు ఒక మనవి. మీ నాన్నగారో తాతగారో పాత కారును వదలకపోతే అది మొండితనమని తీసిపారేయకండి. ఎవరినీ అడగకుండా బయటికి వెళ్ళిరాగలగడం మా వయసులో చిన్న సంగతి కాదు. వచ్చే వేసవి మొదలు కాకముందే ఒక ఆదివారం పొద్దున వారితోపాటు బానెట్ ఎత్తి నిలబడండి. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, టార్చి వేసి చూడండి. పది నిమిషాల పని.

 భోజనాల తరువాత ఎవరికైనా తమ కారు చూపించాలని ఉంటే, నేను ఆ చెట్టు కిందే ఉంటాను. అప్పటికి ఇంజన్లు చల్లారి ఉంటాయి.